ఒకే షెడ్డు, మూడు బరువులు: పెందుర్తి దగ్గర ఒక స్టీలు గోడౌను కేస్ స్టడీ

2023 మార్చిలో ఒక సాయంత్రం యజమాని గారు మూడు కొటేషన్లు ఇంజినీరునైన నా బల్ల మీద పరిచారు. "ఒకే షెడ్డు కదండీ. ఒకాయన 49 టన్నులంటాడు, ఇంకొకాయన 63, మూడో ఆయన 74. ఎవరు అబద్ధం చెబుతున్నట్టు?"

ఆయనది గృహోపకరణాల డిస్ట్రిబ్యూషన్ వ్యాపారం. గాజువాక ఆటోనగర్‌లో పాత గోడౌను చాలక, పెందుర్తి దాటాక అనకాపల్లి–ఆనందపురం హైవేకి దగ్గర్లో స్థలం కొన్నారు. కావలసింది 30 మీటర్ల వెడల్పు, 60 మీటర్ల పొడవు, మధ్యలో స్తంభాలు లేని పీఈబీ షెడ్డు (ఫ్యాక్టరీలో భాగాలు తయారుచేసి, సైట్‌లో బిగించే స్టీలు కట్టడం). అంటే 1,800 చదరపు మీటర్లు, మన లెక్కలో సుమారు 19,375 చదరపు అడుగులు. తెలిసినవాళ్ళెవరో "అడుగుకి 600 అవుతుంది" అన్నారట. దాన్ని పట్టుకుని కోటీ 16 లక్షలు బడ్జెట్ వేసుకుని, బ్యాంకులో కూడా అదే అంకె చెప్పేశారు. నన్ను పిలిచింది కొటేషన్లు వచ్చిన తర్వాత. ఈ వరస తల్లకిందులు. కానీ నాకు వచ్చే పనుల్లో సగానికి సగం ఇలాగే మొదలవుతాయి.

మొదట ధరల సంగతి. 49 టన్నుల ఆయన కిలో రేటు ఊసెత్తకుండా మొత్తం 58.80 లక్షలు అన్నాడు. రెండో ఆయన కిలో 112 రూపాయల లెక్కన 63 టన్నులకు 70.56 లక్షలు. మూడో ఆయన కిలో 98కే ఇస్తానన్నాడు, కానీ 74 టన్నులు, అంటే 72.52 లక్షలు. యజమాని మనసు మొదటి ఆయన మీద ఉంది. ఆయన బావమరిది మూడో ఆయన వైపు. "కిలోకి 14 రూపాయలు తక్కువ బావా" అని పట్టు. కిలో రేటు చూసి షెడ్డు కొనడం, గ్రాము ధర చూసి అన్నం తూకం వేయించుకోవడం లాంటిది. ఆకలి ఎంతో ముందు తెలియాలి.

నేను ముగ్గురికీ ఫోన్ చేసి డిజైన్ లెక్కలు తెప్పించాను. ఇద్దరు రెండు రోజుల్లో పంపారు. ఒకరి దగ్గర నుంచి రావడానికి వారం పట్టింది. అవి తిరగేస్తే తెలిసిందేమిటంటే, ఎవరూ అబద్ధం చెప్పలేదు. ముగ్గురూ మూడు వేర్వేరు షెడ్లు డిజైన్ చేశారు. ఎందుకంటే ఏ షెడ్డు కావాలో వాళ్ళకి ఎవరూ రాసి ఇవ్వలేదు. వాళ్ళ చేతికి అందింది ఒక వాట్సాప్ మెసేజ్: "30 బై 60, 8 మీటర్ల ఎత్తు, రేటు చెప్పండి."

గాలి లెక్క

వైజాగ్‌లో స్టీలు షెడ్డు బరువును తేల్చేది సరుకు కాదు, గాలి. గాలి లెక్కలకు మన దేశపు కోడ్ అయిన ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం ఇక్కడ ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. భూకంపాల పరంగా మనది 2016 కోడ్‌లో జోన్ 2, అంటే ముప్పు తక్కువ. ఇంత తేలికైన కప్పున్న షెడ్డుకి భూకంపం పెద్ద సమస్య కాదు.

2015లో ఈ గాలి కోడ్‌ను సవరించినప్పుడు కే4 అనే గుణకం కొత్తగా వచ్చింది. తూర్పు తీరంలో సముద్రానికి 60 కిలోమీటర్ల లోపు ఉన్న కట్టడాలకు తుఫాను ముప్పును లెక్కలోకి తీసుకోవడానికి పెట్టారు. మామూలు కట్టడాలకు 1.0, పారిశ్రామిక కట్టడాలకు 1.15, తుఫాను తర్వాత కూడా పనిచేసి తీరాల్సిన ఆసుపత్రుల్లాంటి వాటికి 1.30. గోడౌను పారిశ్రామికమా, మామూలా అన్నది వాదించుకోవచ్చు. 49 టన్నుల ఆయన 1.0 తీసుకున్నాడు. నేను 1.15 తీసుకోవాలన్నాను. యజమాని గారు "సముద్రం ఇక్కణ్ణుంచి పది కిలోమీటర్లకు పైనే ఉంది కదా" అన్నారు. పది కాదు, యాభై ఉన్నా లెక్క అదే.

15 శాతమే కదా అనిపిస్తుంది. కానీ గాలి ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 50 మీటర్ల వేగానికి చదరపు మీటరుకు 1,500 న్యూటన్లు. 1.15తో హెచ్చిస్తే వేగం 57.5 మీటర్లు, ఒత్తిడి 1,984 న్యూటన్లు. మూడో వంతు పెరిగినట్టే.

రెండో తేడా షట్టర్ల దగ్గర. పొడవు గోడకు మూడు రోలింగ్ షట్టర్లు, ఒక్కోటి నాలుగున్నర మీటర్ల వెడల్పు, 5 మీటర్ల ఎత్తు. ఆ మూడూ కలిపితే ఆ గోడలో 14 శాతం. కోడ్ ప్రకారం గోడలో తెరుచుకునే భాగం 5 శాతం లోపుంటే లోపలి ఒత్తిడి గుణకం 0.2, 5 నుంచి 20 శాతం మధ్య ఉంటే 0.5. మొదటి ఆయన షట్టర్లు మూసే ఉంటాయనుకుని 0.2 వేశాడు. మూసి ఉన్నప్పుడు అది నిజమే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఆటోనగర్‌లో ఏం జరిగిందో ఈ యజమానికే బాగా తెలుసు. ఆయన పాత గోడౌనులో మొదట పోయింది షట్టరే. అది లోపలికి వంగిపోయింది, గాలి లోపల దూరింది, ఆ తర్వాత పావుగంటలో కప్పు రేకులు లేచాయి. ఆ సంగతి ఆయన నోటనే చెప్పించి, కొటేషన్‌లో 0.2 అంకెను వేలుపెట్టి చూపించాను. ఇంకా వాదించాల్సిన పని పడలేదు.

ఈ రెండు తేడాలూ కలిస్తే ఎంతవుతుందో చెప్పడం తేలిక. మొదటి ఆయన లెక్కలో ఫ్రేము మీద కప్పును పైకి లాగే బలం చదరపు మీటరుకు 110 కిలోలు. నా లెక్కలో 190. రేకులు, వాటిని మోసే పర్లిన్లు, స్తంభాల మీది వాలు దూలం అయిన రాఫ్టరు అన్నీ కలిపినా కప్పు సొంత బరువు 30 కిలోలు మించదు. స్తంభాల మధ్య ఏడున్నర మీటర్ల దూరం, సగం వెడల్పు 15 మీటర్లు. అంటే ఒక్కో స్తంభాన్ని భూమిలోంచి పెరికే బలం 17 టన్నులు దాటుతుంది. మన దగ్గర స్టీలు షెడ్డుకి పునాది వేసేది మోయడానికి కంటే పట్టి ఉంచడానికే. ఇది చాలామంది సివిల్ కాంట్రాక్టర్లకు కొరుకుడుపడదు. "ఇంత తేలిక షెడ్డుకి అంత ఫుటింగ్ ఎందుకు సార్" అని ప్రతి సైట్‌లోనూ అడుగుతారు. తేలిక కాబట్టే.

మరి 74 టన్నుల ఆయన? ఆయన కే4 సరిగ్గానే వేశాడు. కానీ ఎవరూ అడగకుండానే చదరపు మీటరుకు 50 కిలోల అదనపు బరువు, కప్పుకి ఏవైనా వేలాడదీస్తారేమోనని, కలిపాడు. పైగా 350 గ్రేడు ప్లేట్లకు బదులు తన దగ్గరున్న 250 గ్రేడు సెక్షన్లు వాడాడు. కిలో 98కి రావడంలో మతలబు అదే. బలం తక్కువ స్టీలు ఎక్కువ కిలోలు పడుతుంది, ఆ కిలోలన్నిటికీ డబ్బు కట్టేది యజమాని.

రెండు పేజీల కాగితం

అప్పుడు మేం కూర్చుని రెండు పేజీలు రాశాం. నా అనుభవంలో ఈ పని ఖర్చు ఒక సాయంత్రం, రెండు కాఫీలు. ఇది లేకుండా తెచ్చిన కొటేషన్లను ఒకదానితో ఒకటి పోల్చడం కుదరదు.

ఎత్తు దగ్గరే గంట పట్టింది. యజమాని 8 మీటర్లు అన్నది రాక్‌లు, ఫోర్క్‌లిఫ్టు చూసుకుని. కొటేషన్ వాళ్ళకి 8 మీటర్లంటే ఈవ్ హైట్, అంటే పక్క గోడ దగ్గర కప్పు అంచు ఎత్తు. మూల దగ్గర రాఫ్టరు లోతు 900 మిల్లీమీటర్లు ఉంటే, ఆయనకి మిగిలేది 7.1 మీటర్లే. రాక్ డ్రాయింగ్ తెప్పించి చూస్తే 7 మీటర్ల ఖాళీ చాలని తేలింది. కాబట్టి ఈవ్ 8 మీటర్లే ఉంచి, "రాఫ్టరు కింద కనీసం 7 మీటర్ల ఖాళీ" అని రాశాం. కప్పు మీద సోలార్ పెడతారా అని అడిగితే ముందు లేదన్నారు, తర్వాత వాళ్ళబ్బాయి ఉందన్నాడు. దానికి చదరపు మీటరుకు 15 కిలోలు. షెడ్డు లోపల క్రేన్ వద్దు. మధ్యలో ఒక వరుస స్తంభాలు పెడితే నాలుగైదు టన్నులు తగ్గుతాయని చెప్పాను. రేపు గోడౌను అద్దెకివ్వాల్సి వస్తే మధ్యలో స్తంభం ఉంటే ఎవరూ తీసుకోరని ఆయన ఒప్పుకోలేదు. అది ఇంజినీరింగ్ నిర్ణయం కాదు, ఆయన వ్యాపారం. రాసుకున్నాను.

ఆ కాగితం పంపి మళ్ళీ కొటేషన్లు అడిగితే 61, 62, 64 టన్నులు వచ్చాయి. 25 టన్నుల తేడా మూడు టన్నులకు దిగింది. రెండో ఆయన్ని ఎంచుకున్నాం. తక్కువ ధర అని కాదు, ఆయన పంపిన లెక్కలు చదవగలిగేలా ఉన్నాయని. కిలో 108కి బేరం కుదిరింది. కానీ కొటేషన్ గడువు 15 రోజులు. యజమాని గారు ముహూర్తం, బ్యాంకు, బావమరిది అంటూ 40 రోజులు తీసుకున్నారు. ఆ లోపు ప్లేట్ల ధర కదిలింది, చివరికి 110 అయింది. ఒప్పందంలో ఒక మాట పట్టుబట్టి రాయించాను: డ్రాయింగు బరువు, వేబ్రిడ్జి బరువు, ఏది తక్కువైతే దానికే బిల్లు, అదీ 62 టన్నులకు మించకుండా. చివరి బిల్లు 61.4 టన్నులకు వచ్చింది. 67.54 లక్షలు.

ఆయన అడిగిన ఇంకో మాట చెప్పాలి. "స్టీలు ప్లాంటు మన పక్కనే ఉంది కదండీ, మళ్ళీ ప్లేట్లకి రవాణా ఖర్చేంటి?" వైజాగ్‌లో ప్రతి యజమానీ ఇది అడుగుతాడు. మన ప్లాంటులో తయారయ్యేవి కడ్డీలు, వైర్ రాడ్లు, యాంగిల్సు, ఛానెల్సు లాంటి పొడవు రకాలు. పీఈబీ ఫ్రేముకి కావలసిన ప్లేట్లు అక్కడ రావు, వేరే రాష్ట్రాల మిల్లుల నుంచి రావాల్సిందే. మన ప్లాంటు సరుకు ఈ షెడ్డులో పునాది కడ్డీలుగా మట్టిలోకి వెళ్ళింది.

నా తప్పు

ఇంతవరకూ చెప్పినవన్నీ ఇతరుల పొరపాట్లు. పెద్దది నాది.

స్థలం రోడ్డు కంటే పల్లంలో ఉంది. ఏప్రిల్‌లో ఎండిపోయిన నేల చూసి, కంటి అంచనాతో రెండడుగులు మెరక చేస్తే చాలని మొదటి బడ్జెట్‌లో 8 లక్షలు రాశాను. లెవెల్ సర్వే అప్పుడే చేయించి ఉండాల్సింది. దానికయ్యేది వేలల్లో ఖర్చు. మే చివర్లో చేయిస్తే సగటున 1.3 మీటర్లు ఎత్తాలని తేలింది. షెడ్డు, చుట్టూ లారీలు తిరిగే చోటు కలిపి 2,600 చదరపు మీటర్లు. అంటే రోలర్ కొట్టాక 3,380 ఘనపు మీటర్లు ఉండాలి. దానికి పాతిక శాతం కలిపితే 4,225 ఘనపు మీటర్ల గ్రావెల్ తోలాలి. పరిచి, తడిపి, పొరలు పొరలుగా రోలర్ తొక్కించి, మొత్తం 20.30 లక్షలు. ఫోన్‌లో ఆ అంకె చెబుతుంటే అవతల కాసేపు మాట లేదు.

దెబ్బ అక్కడితో ఆగలేదు. మట్టి పరీక్షలో ఫుటింగు అసలు నేలకి 1.8 మీటర్ల లోతున వేయాలని వచ్చింది. దాని మీద నేల 1.3 మీటర్లు లేచేసరికి ఫుటింగు మీంచి స్తంభం దాకా లేచే పెడస్టల్ 3 మీటర్లు దాటింది. కప్పు బరువుకి పోర్టల్ ఫ్రేము (రెండు స్తంభాలూ వాటి మీది రాఫ్టరూ కలిసిన చట్రం) కాళ్ళు బయటికి తన్నుతుంటాయి. ఆ తన్ను పొడవైన పెడస్టల్ తల మీద పడితే అడుగున ఫుటింగుకి వచ్చే వంపు బలం కూడా పెరుగుతుంది. కడ్డీలు, కాంక్రీటు రెండూ పెరిగాయి. స్టీలు కాంట్రాక్టరు డ్రాయింగ్ పునాది బోల్టు దగ్గర ఆగిపోతుంది కాబట్టి ఇది ఆయన కొటేషన్‌లో ఎక్కడా కనిపించదు.

చివరికి లెక్క ఇలా తేలింది. ఫ్రేము 67.54 లక్షలు. కప్పు, గోడ రేకులు, వాన నీళ్ళు పట్టే గట్టర్లు, అతుకులు మూసే ఫ్లాషింగులు కలిపి 23.40. పునాదులు, ప్లింత్ బీములు, 3 మీటర్ల ఇటుక గోడ 26. మెరక 20.30. 150 మిల్లీమీటర్ల కాంక్రీటు ఫ్లోరు ట్రైమిక్స్‌తో (పోసిన కాంక్రీటులోంచి అదనపు నీళ్ళు లాగేసే పద్ధతి) 25.20. షట్టర్లు, కరెంటు, ఫైర్ లైన్లు, కాలువలు 24. మొత్తం 186 లక్షల చిల్లర. దాని మీద 18 శాతం జీఎస్టీ 33.56 లక్షలు. కలిపి 2 కోట్ల 20 లక్షలు. అడుగుకి 1,135 రూపాయలు. అనుమతుల ఫీజులు వేరే. మొదట విన్న 600కీ దీనికీ తేడా ఎక్కడిదంటే, ఆ 600 చెప్పినాయన బహుశా ఫ్రేమూ రేకులూ మాత్రమే కళ్ళ ముందు పెట్టుకున్నాడు. అవి రెండూ కలిపితే పన్ను లేకుండా 91 లక్షలు, మొత్తం ఖర్చులో సగం కూడా కాదు.

జీఎస్టీ మీద ఒక మాట. యజమాని ఆ 33 లక్షలూ ఇన్‌పుట్ క్రెడిట్‌గా వెనక్కి వస్తుందని ధీమాగా ఉన్నారు. వ్యాపార సరుకు మీద వస్తుంది కదా అని. సొంతానికి కట్టుకునే స్థిరాస్తి నిర్మాణం మీద కట్టిన పన్నుకు క్రెడిట్ రాదు, సీజీఎస్టీ చట్టం సెక్షన్ 17(5) అడ్డుపడుతుంది. వాళ్ళ ఆడిటరు చేత చెప్పిస్తే గానీ నమ్మలేదు. బ్యాంకు లోను సవరించడానికి ఆరు వారాలు పట్టింది. ఆ ఆరు వారాలూ అందరికీ టెన్షనే.

ఎవరిదీ కాని పనులు

స్టీలు కాంట్రాక్టరు ఒకరు, సివిల్ కాంట్రాక్టరు ఇంకొకరు అయినప్పుడు ఇద్దరి మధ్యా ఒక సన్నని సందు ఉంటుంది. డబ్బు కారేది అందులోంచే. పునాది బోల్టులు ఎవరు తేవాలి, వాటిని నిలబెట్టే టెంప్లేటు ఎవరిది, స్తంభం అడుగున ఉండే బేస్ ప్లేటు కింద సందు నింపే గ్రౌటు ఎవరు పోయాలి, లారీ దిగుమతి ఎవరిది, క్రేను ఎవరిది, ఫ్రేములు నిలబెట్టే ఎరెక్షన్‌కి కరెంటు ఎవరిస్తారు, గట్టరు పైపు నేల దాకా వచ్చాక నీళ్ళు ఎవరివి. ఇవన్నీ ఒక కాగితం మీద రెండు గడులు గీసి రాసి ఇద్దరి చేతా సంతకం పెట్టించాను. అయినా టెంప్లేటు దగ్గర దొరికిపోయాం. స్టీలు ఆయన టెంప్లేట్లు పంపాడు, సివిల్ ఆయన వాటిని వాడాడు కూడా. కానీ కాంక్రీటు పోసేటప్పుడు వైబ్రేటరు తగిలి ఒక వరుసలో రెండు స్తంభాల బోల్టులు 18 మిల్లీమీటర్లు జరిగాయి. పోసిన మర్నాడే కొలిచి ఉంటే స్తంభాలు వచ్చేలోపు తీరిగ్గా సరిచేసేవాళ్ళం. కొలిచింది స్తంభాలు లారీ మీద వచ్చాక. బేస్ ప్లేటు రంధ్రాలు పెద్దవి చేసి, పైన మందపాటి వాషరు ప్లేట్లు వెల్డ్ చేయించాం. దానికి పెద్ద ఖర్చు కాలేదు. నాలుగు రోజులు ఊరికే నిలబడ్డ క్రేను అద్దె మాత్రం ఎవరు కట్టాలన్నది పంచాయితీ అయింది. చివరికి సగం సగం.

ఎరెక్షన్ ఆగస్టు చివర్లో మొదలై సెప్టెంబరులో నడిచింది. అక్టోబరు వస్తే బంగాళాఖాతం సంగతి మనకి తెలిసిందే. అసలు ప్రమాదం పూర్తయిన షెడ్డుకి కాదు, సగం నిలబడ్డ ఫ్రేముకి. అందుకే మొదట నిలబెట్టేది బ్రేసింగ్ (ఊగకుండా అడ్డంగా బిగించే రాడ్లు) ఉన్న బే, అంటే అలాంటి రెండు ఫ్రేముల మధ్య భాగం, అయి ఉండాలని, ఆ క్రాస్ రాడ్లు బిగించాకే మూడో ఫ్రేము ఎత్తాలని పట్టుబట్టాను. మేస్త్రీకి అది చాదస్తంగా అనిపించింది. "గాలేటి లేదు కదా సార్, ముందు అన్నీ నిలబెట్టేసి రాడ్లు ఒకేసారి కొట్టేస్తాం" అన్నాడు. రెండో వారంలో అల్పపీడనం వార్త వచ్చింది. మా ఆరు ఫ్రేములూ బిగిసే ఉన్నాయి. తెల్లారి అదే మేస్త్రీ ఎవరూ చెప్పకుండానే రాడ్లన్నీ ఇంకోసారి తిప్పి చూసుకున్నాడు.

రేకుల విషయం త్వరగా తేలింది. గాల్వాల్యూమ్ (అల్యూమినియం, జింకు కలిసిన పూత), చదరపు మీటరుకు 150 గ్రాములు, పైన రంగు. తక్కువకు వస్తుందని జింకు పూత రేకులు చూపించారు, వద్దన్నాను. స్క్రూల దగ్గర మాత్రం రాజీపడలేదు. ఈ గాలికి రేకు కంటే ముందు తుప్పు పట్టేది స్క్రూ తలే. ఉప్పుగాలి లోపలి ఊళ్ళకి ఎంత దూరం వస్తుందో పెందుర్తిలో ఎవరి గేటు చూసినా తెలుస్తుంది.

గట్టరు లెక్క నేనే మార్చాను. కప్పు ఒక వాలు 900 చదరపు మీటర్లు. గంటకు 150 మిల్లీమీటర్ల వాన పడితే సెకనుకు ముప్పై ఏడున్నర లీటర్ల నీళ్ళు ఒక గట్టరులోకి వస్తాయి. కాంట్రాక్టరు ఐదు పైపులు చూపించాడు. స్తంభానికొకటి చొప్పున తొమ్మిది పెట్టించాను.

నవంబరు మధ్యకల్లా షెడ్డు మూతపడింది. డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మనకి గాలి పెద్దగా లేదు గానీ వాన దంచికొట్టింది. రాత్రి తొమ్మిదింటికి యజమాని గారి ఫోన్: "ఇంజినీరు గారూ, గోడౌనులోకి నీళ్ళు వచ్చేస్తున్నాయండీ." గుండె జారింది. కప్పేనా అని అడిగాను. కాదు, కప్పు చుక్క కారలేదు. గట్టర్లు కూడా పొంగలేదు. నీళ్ళు షట్టర్ల కిందనుంచి వస్తున్నాయి. లారీలు నిలిచే కాంక్రీటు నేల వాలు షెడ్డు వైపుకి తిరిగి ఉంది. షట్టర్ల ముందు జాలీ మూతతో ఒక కాలువ ఉండుంటే ఆ నీళ్ళు అందులో పడి పోయేవి.

ఆ కాలువ నా మొదటి అంచనాలో ఉంది. మెరక ఖర్చు పెరిగినప్పుడు ఎక్కడైనా తగ్గించమని యజమాని అడిగితే, 80 వేలు మిగులుతాయని దాన్ని కొట్టేసింది నేనే. జనవరిలో ఆరిన కాంక్రీటు కోసి మళ్ళీ వేయించాం. లక్షా 40 వేలు అయింది. ఆ బిల్లులో నా ఫీజు తీసుకోలేదు.